బిడ్డా, గడ్డా

మొన్న ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక, మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మాయిలు ముగ్గురు మా ఇంటికొచ్చారు. కాఫీ తాగుతూ వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "మీ కాలంలో ఏ యంత్రాలూ లేవు కదండీ. లోపలున్నది బిడ్డో గడ్డో ఎలా తెలిసేదండీ?"

"చాలాసార్లు తెలిసేది కాదమ్మా" అన్నాను.

వాళ్లు నవ్వారు. నేను సరదాకి అనలేదు. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని, రోగి పక్కన కూర్చుని ఉండటం ఎంత కష్టమో చెబుదామనుకున్నాను. అంతలో డ్యూటీకి వేళైందని లేచిపోయారు. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరి పిల్లలూ మనవలూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

అప్పటికి రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్నారు. మా వైపు ఎక్కడికి పోవాలన్నా పడవే. పాలకొల్లుకి దిగువన, కాలువ గట్టు మీద, మా మిషను వాళ్లు పెట్టిన ఆడవాళ్ల ఆసుపత్రి ఉండేది. ఆసుపత్రి అంటే పెద్ద మేడలు ఊహించుకోకండి. పెంకుటిల్లు, వెనకాల వంటకి ఒక పాక, ముందు రేవు. అందులో పనిచేసేది ముగ్గురం.

మొదటిది డాక్టరమ్మ. సముద్రాలు దాటి వచ్చిన తెల్లావిడ. తెలుగు ఒక పంతులుగారి దగ్గర పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకుంది. "నీకు ఆకలి వేయుచున్నదా?" అని అడిగేది. రోగులు బిత్తరపోయి నా మొహం చూసేవారు. "ఆకలేస్తోందా అని అడుగుతున్నారు" అని నేను చెప్పేదాన్ని. అలా నర్సు పనితోపాటు దుబాసీ పని కూడా నాకే పడింది.

రెండోది పెద్ద నర్సమ్మ. వయసులో మా అమ్మంత. ఆవిడ చేతుల్లో పుట్టిన పిల్లలు పెరిగి, కాన్పుకి మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. రేవులో పడవ దిగి మెట్లెక్కుతున్న మనిషిని చూసి, ఎన్నాళ్లలో కంటుందో వరండాలోంచే చెప్పేసేది. సాధారణంగా ఆవిడ మాట తప్పేది కాదు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు.

మూడోదాన్ని నేను. మద్రాసులో చదువు పూర్తి చేసుకుని వచ్చి ఏడాదైనా కాలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దుటిపూట అంతర్వేది వైపునుంచి పడవొచ్చింది. అందులోంచి ఒక పెద్దావిడ, ఇంకో ఆవిడని భుజానికి ఆనించుకుని మెట్లెక్కించింది. ఏళ్ల తరబడి చేపల గంప మోసిన మెడ పెద్దావిడది, నిటారుగా ఉంది. రెండో ఆవిడకి ముప్పై లోపే ఉంటాయి. పెదవుల్లో రక్తం చుక్క లేదు. కాళ్లు వాచి ఉన్నాయి. కడుపు ఎత్తుగా, చీరకింద స్పష్టంగా కనిపిస్తోంది.

"ఆరు నెలలుంటాయి" అంది పెద్ద నర్సమ్మ నా చెవిలో.

లోపలికి తీసుకొచ్చి బల్లమీద కూర్చోబెట్టాం. వాళ్లిద్దరూ అత్తాకోడళ్లు. "మీ ఆయనేం చేస్తాడమ్మా?" అని కోడల్ని అడిగాను.

అత్తే జవాబిచ్చింది. "నా కొడుకు రంగూన్లో బియ్యం మిల్లులో పని సేత్తన్నాడండి. ఎళ్లి రెండేళ్లు దాటిందండి."

పెద్ద నర్సమ్మ నావైపు ఒక చూపు చూసింది.

"దీని కడుపు సూడండి" అంది అత్త. "లోపలేముందో తేల్చండి. తేలాక ముందు నాకు సెప్పండి. ఇంకెవరికీ సెప్పొద్దు."

కోడలు తలెత్తింది. "నాకు బిడ్డెక్కడిదండీ? ఎన్నిసార్లు సెప్పినా ఇనరు. నెలనెలా అవుతానే ఉందండి. పన్నెండు రోజులైనా ఆగదు. బిడ్డుంటే అట్టా అవుద్దాండీ?"

"కొందరికి అవుతుంది" అంది పెద్ద నర్సమ్మ. అది అబద్ధం కాదు. అయినా అప్పుడే అనకపోతే బాగుండేదనిపించింది.

డాక్టరమ్మ ఆమెని పడుకోబెట్టి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు నొక్కి చూసింది. తర్వాత పెద్ద నర్సమ్మని చూడమంది. తర్వాత నన్ను. నా చేతికి ఎడమపక్క గట్టిగా దబ్బకాయంత ఉండ ఒకటి తగిలింది. కుడిపక్క ఇంకోటి, కొంచెం చిన్నది. బిడ్డ తలా వీపూ అనుకుంటే అలాగే ఉన్నాయి. గడ్డలనుకుంటే అలాగూ ఉన్నాయి.

బిడ్డ గుండె వినే చెక్కగొట్టం పొట్టకి ఆనించి విన్నాను. ఊఫ్, ఊఫ్ అని గాలి ఊదుతున్నట్టు చప్పుడు.

"వినిపిస్తోందండీ!" అన్నాను.

"ఆమె మణికట్టు పట్టుకొని వినుము" అంది డాక్టరమ్మ.

పట్టుకుని విన్నాను. నాడి కొట్టినప్పుడల్లా ఆ ఊదుడు వస్తోంది. అంటే అది తల్లి రక్తం పారే చప్పుడే. బిడ్డ గుండె దాని దారిన అది, చాలా తొందరగా, దిండు కింద పెట్టిన గడియారంలా కొట్టుకోవాలి. అది ఎంత వెతికినా దొరకలేదు. పోనీ ఈ ఊదుడుని బట్టి బిడ్డ లేదనుకుందామా అంటే, గర్భిణుల్లోనూ ఇది వినిపిస్తుంది. గర్భసంచిలో గడ్డలు పెరిగినవాళ్లలోనూ వినిపిస్తుంది. అది ఎటూ సాక్ష్యం చెప్పలేదు.

లోపలి పరీక్ష చేసినప్పుడూ అంతే. మామూలు మనిషికి గర్భసంచి మూతి ముక్కు కొసలా గట్టిగా ఉంటుందనీ, గర్భిణికి పెదవిలా మెత్తబడుతుందనీ మాకు మద్రాసులో నేర్పారు. ఈమెకి ముక్కులానూ లేదు, పెదవిలానూ లేదు.

ఇంకొక దారి ఉండేది. సన్నటి వెండి సలాక ఒకటి లోపలికి పంపి గర్భసంచి లోతు కొలవచ్చు. ఎంత సాగిందో, లోపల ఏం అడ్డుపడుతోందో దానితో తెలుస్తుంది. పెద్ద నర్సమ్మ ఆ మాటే అంది: "సలాక పెట్టండమ్మా. ఒక్క నిమిషంలో తేలిపోతుంది."

"లోపల ఉన్నది శిశువు అయిన యెడల?" అంది డాక్టరమ్మ.

అయితే ఆ సలాకతోనే బిడ్డ పోతుంది. డాక్టరమ్మ సలాకని బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత అత్తకి ఎదురుగా వెళ్లి నిలబడి, "గర్భము కావచ్చును. గడ్డ కావచ్చును. నాకు తెలియదు" అంది.

దీన్ని మాత్రం నేను తర్జుమా చేయక్కర్లేకపోయింది.

"తెలీకపోతే డాక్టరెట్టా అయ్యారండి?" అంది అత్త.

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మకి మాత్రం కోపం రాలేదు. ఆసుపత్రిలోనే ఉంచమంది. బిడ్డయితే వారంవారం పెరుగుతుంది, కదులుతుంది, దాని గుండె అదే వినిపిస్తుంది. గడ్డ ఇంత తొందరగా పెరగదు. కొన్ని వారాలు ఆగితే తెలుస్తుంది అని చెప్పింది.

"అన్ని వారాలు లేవండి" అంది అత్త. "మిల్లుల్లో పని అయిపోయే రోజులు. నా కొడుకు రేపోమాపో కాకినాడలో ఓడ దిగుతాడు. ఈలోపు ఎండాకాలమని కాలువలకి నీళ్లు కట్టేత్తే పడవలుండవు. తొరగా తేల్చండి."

కొడుకొచ్చేలోపు తేలడం ఎందుకు, పడవ ఎందుకు అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పెద్ద నర్సమ్మకి అడగాల్సిన పని లేదు. ఆవిడ తన మనసులో అప్పటికే తేల్చేసుకుంది. సాయంత్రం నన్ను పక్కకి పిలిచి, "ఆ ముసలిదాన్ని కనిపెట్టుకుని ఉండు. ఇలాంటివి నేను చాలా చూశాను. గంజిలో ఏ వేరో అరగదీసి పోస్తారు. బిడ్డా మిగలదు, తల్లీ మిగలదు" అంది.

అప్పట్నించి అత్త వెనకపాకలో గంజి కాస్తుంటే నేను ఏదో పనున్నట్టు అక్కడే తచ్చాడేదాన్ని. ఆవిడకి రెండోరోజే అర్థమైపోయింది. గిన్నె నా ముందు పెట్టి, "తాగి సూడండి అమ్మగోరూ. మీరు తాగాకే దానికి పోత్తాను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తాగాను. ఆ తర్వాత రోజూ తాగాను. ఆవిడ నేను మింగేదాకా చూసి, గిన్నె తీసుకుని లోపలికెళ్లేది.

ఈలోగా కోడలికి రక్తం పోవడం మళ్లీ మొదలైంది. ఇక్కడే అసలు చిక్కు. గడ్డ వల్ల పోయే రక్తాన్ని ఆపడానికి మా దగ్గర మందుంది. అది గర్భసంచిని బిగిస్తుంది. లోపల బిడ్డుంటే ఆ మందు బిడ్డని తోసేస్తుంది. అంటే తెలియకపోవడం ఊరికే తెలియకపోవడం కాదు. మా కళ్లముందు ఆమె పాలిపోతుంటే, మందు బీరువాలో పెట్టుకుని, మంచం కాళ్లకింద ఇటుకలు పెట్టి, చల్లని గుడ్డలు వేస్తూ కూర్చున్నాం. డాక్టరమ్మ వరండాలో అటూ ఇటూ తిరిగేది. ఒకసారి బీరువాదాకా వెళ్లి, తాళంచెవి చేత్తో పట్టుకుని, వెనక్కి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు కోడలు నన్ను పిలిచింది.

"అమ్మగోరూ, ఒకటడుగుతాను, నవ్వకండి. ఆయన నాకు కల్లోకి వత్తంటాడు. వచ్చి మాట్లాడతాడు, పక్కన పడుకుంటాడు. కల్లో వత్తే... అట్టా వత్తదాండీ కడుపు?"

"రాదమ్మా" అన్నాను.

"మరి అందరూ ఉందంటన్నారు. మా ఈధంతా అంటన్నారు. ఆ పెద్దమ్మగోరు కూడా అన్నారు. ఇంతమంది అంటంటే నాకే అనుమానమొత్తంది. నాకు తెలీకుండా ఏమన్నా జరిగిందేమోనని."

చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఆరోజు నేను "నిన్ను నమ్ముతున్నాను" అని అనగలిగితే బాగుండేది. కాని నాకు నిజంగా తెలియదు. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా అనిపించేది.

డాక్టరమ్మ టేపు పెట్టి కొలుస్తూనే ఉంది. మూడోవారం వచ్చినా కడుపు పెరగలేదు. నాకు సంతోషం వేసింది. "అయితే గడ్డేనండీ!" అన్నాను.

పెద్ద నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. "బిడ్డ లోపలే చనిపోయినా పెరగదు."

డాక్టరమ్మ కాదనలేదు. "అదియు నిజమే" అంది.

ఆ మర్నాడు పొద్దున్నే ఒక పడవ సరంగు రేవులోంచే కేకేసి చెప్పాడు. వాళ్ల ఊరివాళ్లు కొందరు రంగూను నుంచి దిగారట. ఈవిడ కొడుకు తర్వాత ఓడలో వస్తున్నాడట. అత్త ఆ మాట విని, "మంచిది" అని మాత్రం అంది. కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

అదే రోజు, ఎండ నడినెత్తికి రాకముందే, నొప్పులు మొదలయ్యాయి.

మొదట నడుం నొప్పి అంది. తర్వాత కెరటంలా వచ్చి, పట్టేసి, వదలడం మొదలైంది. కాన్పునొప్పులు ఎలా ఉంటాయో అలాగే. డాక్టరమ్మ బయట వరండాలో కాళ్లు కాలిన పసిపిల్లకి కట్టు కడుతోంది. ఆవిణ్ణి పిలవడానికి నేను లేచేసరికే పెద్ద నర్సమ్మ చేతులు కడుక్కుని పరీక్ష చేసేసింది.

"మూతి తెరుచుకుంది. తల దిగుతోంది" అంది, గట్టిగా.

గుమ్మంలో కూర్చున్న అత్త ఆ మాట విని లేచి నిలబడింది. మా ఎవరివైపూ చూడలేదు. కొంగు నడుముకి దోపుకుని గబగబా రేవులోకి దిగిపోయింది. కిటికీలోంచి కనిపిస్తోంది: పడవ సరంగుతో ఏదో మాట్లాడుతోంది, చెయ్యెత్తి దిగువకి చూపిస్తోంది.

"చూశావా" అంది పెద్ద నర్సమ్మ. "పడవ సిద్ధం చేసుకుంటోంది. బిడ్డని మాత్రం దాని చేతికివ్వకు. నా ప్రాణం పోయినా నేనివ్వను." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ ఆవిడ కోపాన్నే చూశాను. ఆ కోపం కింద ఏముందో అప్పుడు చూశాను.

కోడలు నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"అయితే ఉందాండీ? నిజంగానే ఉందా?"

"డాక్టరమ్మగారు వస్తున్నారు" అన్నాను.

డాక్టరమ్మ వచ్చింది. కార్బాలిక్ నీళ్లలో మోచేతులదాకా చేతులు కడుక్కుంది. అంత తొందరలోనూ గోళ్లు బ్రష్షుతో రుద్దుకుంది. అది చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపలికి పంపి, కళ్లు మూసుకుంది. ఒక నొప్పి వచ్చి పోయింది. ఆవిడ కదలలేదు. ఇంకో నొప్పి వచ్చింది. కోడలు అరుస్తోంది. డాక్టరమ్మ మొహంలో ఏమీ కనిపించలేదు.

చెయ్యి తీసి పెద్ద నర్సమ్మవైపు తిరిగింది. "మీరు మరల చూడుడు."

"నేను చూశానండి. తలే."

"గుండ్రముగా ఉన్నది. నిజము. కాని వేలు దాని చుట్టును త్రిప్పుడు."

పెద్ద నర్సమ్మ మళ్లీ చేతులు కడుక్కుని చూసింది. కాసేపటికి ఆవిడ మొహం మారిపోయింది. బిడ్డ తలకయితే ఎముకల అతుకులు వేలికి తగలాలి, వెంట్రుకలు తగలాలి, ముందు ఉమ్మనీటి సంచి తగలాలి. ఆవిడకి ఇవన్నీ నాకంటే, బహుశా డాక్టరమ్మకంటే కూడా బాగా తెలుసు. కాని మూడు వారాలుగా బిడ్డ అనుకుంటున్న చేతికి గుండ్రంగా ఏదో తగిలేసరికి మిగతావి వెతకలేదు. ఇప్పుడు వెతుకుతోంది.

"అతుకుల్లేవు" అంది మెల్లగా. తర్వాత ఇంకొంచెం పైకి వేలు పోనిచ్చి ఆగిపోయింది. "పైన తొడిమ ఉందండి. కాయకి ఉన్నట్టు. ఇది... ఇది గడ్డ. వేలాడుతున్న గడ్డ."

"అవును" అంది డాక్టరమ్మ. "ఫైబ్రాయిడ్. గర్భసంచి దానిని శిశువు వలె బయటకు నెట్టుచున్నది."

నేను కోడలి చెవి దగ్గర వంగి చెప్పాను: "బిడ్డ లేదమ్మా. గడ్డ. నువ్వు చెప్పిందే నిజం." ఆమెకి వినిపించిందో లేదో తెలియదు. ఆ నొప్పితోపాటు రక్తం కట్ట తెగినట్టు వచ్చింది.

తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. క్లోరోఫాం నా పని. ముక్కుమీద గుడ్డ పెట్టి చుక్కచుక్కగా పోస్తూ, రెండో చేత్తో నాడి పట్టుకున్నాను. రక్తం లేని మనిషికి క్లోరోఫాం ఎక్కువైతే అక్కడికక్కడే పోతుంది. తక్కువైతే నొప్పికి కదులుతుంది, అప్పుడు చేతిలో పని చెడుతుంది. డాక్టరమ్మ గడ్డని పట్టకారుతో పట్టుకుని మెల్లగా తిప్పుతోంది. కాయని తొడిమ తెగేదాకా మెలితిప్పినట్టే. పెద్ద నర్సమ్మ పొట్ట మీదినుంచి గర్భసంచిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చేతుల బలం ఆరోజు మాకు ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను.

గడ్డ తెగి వచ్చింది. ఇంచుమించు బత్తాయంత. వెనకాలే మళ్లీ రక్తం. గుడ్డలు కూరుతున్నారు, తడిసిపోతున్నాయి, తీసి మళ్లీ కూరుతున్నారు. నా వేళ్లకింద నాడి దారంలా సన్నబడింది. తర్వాత దొరకలేదు. నేను వెంటనే క్లోరోఫాం గుడ్డ తీసిపారేశాను.

"నాడి లేదండీ" అన్నాను.

పెద్ద నర్సమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది, చేతులు మాత్రం వదల్లేదు. డాక్టరమ్మ ఇంకో గుడ్డ అడిగింది. నేను మణికట్టు వదిలి మెడదగ్గర వేళ్లు పెట్టాను. అక్కడ ఉంది. ఉన్నట్టా లేనట్టా, కాని ఉంది. "ఉందండీ" అన్నాను. ఈసారి గుడ్డ తెల్లగా ఉండిపోయింది. అందరం దానికేసే చూస్తున్నాం. ఇంకాసేపు తెల్లగానే ఉంది.

మనిషికి తెలివి రాకముందే డాక్టరమ్మ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి ఇంకోసారి చూసింది. పొట్ట వదులైపోయి ఉందేమో, ఈసారి అన్నీ స్పష్టంగా తెలిశాయి. నా చెయ్యి తీసి పెట్టించింది. ఆ దబ్బకాయంత ఉండా, కుడిపక్క చిన్న ఉండా గర్భసంచి గోడలోనే ఉన్నాయి. దాన్ని కదిపితే అవీ కదులుతున్నాయి. ఇన్ని వారాలు మమ్మల్ని ఏడిపించింది ఇవే.

"ఇవి ఉండును" అంది డాక్టరమ్మ. "వీటిని నేను తీయజాలను. తీసిన యెడల ఆమె బ్రతకదు."

తలెత్తి చూస్తే గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. డాక్టరమ్మ ఆవిణ్ణి లోపలికి పిలిచి, పళ్లెంలో ఉన్న గడ్డని కత్తితో రెండుగా కోసి చూపించింది. లోపల తెల్లగా, పీచు చుట్టలు చుట్టినట్టు ఉంది.

అత్త వంగి చూసింది. "తాడు ముడేసినట్టుందండి" అంది. తర్వాత నేలమీద కూలబడింది.

పెద్ద నర్సమ్మ ఆవిడ ఎదురుగా వెళ్లి కూర్చుంది. "తల అని చెప్పింది నేను. తప్పు చెప్పాను. నీ కోడలిమీద నింద వేశాను" అంది. ఆవిడ నోటంట అలాంటి మాట రావడం నేను అంతకుముందు వినలేదు.

"మీరేంటమ్మా," అంది అత్త. "నేనూ అదే అనుకున్నాను గదండీ."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి పడవ ఎందుకు మాట్లాడావు?"

"మా సెల్లెలూరికండి. ఏటికి అవతల లంకలో ఉంటది. దానికి పిల్లల్లేరు. బిడ్డని అక్కడ దించేసొద్దామని ముందే మాట్లాడుకున్నాం, నేనూ మా సెల్లీ. నా కొడుకొచ్చేలోపు ఇది లేచి తిరగాలి గదండీ. అందుకే తొరగా తేల్చమన్నాను."



"కోడలు తప్పు చేసిందనుకుని కూడానా?" అన్నాను.

"రెండేళ్లండి. దాని వయసెంత? అక్కడ నా కొడుకు మాత్రం ఎట్టా ఉన్నాడో నాకేం తెలుసు? వాణ్ణి ఎవరూ బల్లెక్కించి సూడరు గదా."

కోడలు కళ్లు మూసుకునే ఉంది. నిద్రలో ఉందనుకున్నాం. రెండ్రోజుల తర్వాత, లేచి కూర్చుని గంజి తాగుతూ నాతో అంది: "అన్నీ ఇన్నానండి. మంచిదే మా అత్త. నన్ను కాపాడేదే. కాని నేను సెప్పింది మాత్రం నమ్మలేదు. ఒక్కరూ నమ్మలేదు."

గిన్నె నా చేతికిచ్చి అటు తిరిగింది.

కొడుకు వచ్చేసరికి కాలువలు కట్టేశారు. నరసాపురం నుంచి గట్టు వెంబడి నడిచొచ్చాడు. రంగూను లుంగీ, నెత్తిన రేకుపెట్టె, మొహమంతా దుమ్ము. మంచంమీద భార్యని చూశాడు. ఆమె కడుపు చూశాడు. గడ్డ ఒకటి పోయినా మిగతావి ఉన్నాయి కదా, కడుపు అంతే ఎత్తుగా ఉంది. డాక్టరమ్మ తన తెలుగులో మొదలుపెట్టింది: "నీ భార్య గర్భాశయమునందు..." అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నావైపు తిరిగాడు.

నేను నోరు తెరిచేలోపే అత్త ముందుకొచ్చింది. "దాని కడుపులో గడ్డలున్నాయిరా. సచ్చి బతికింది. నేను దాన్ని అనుమానించాను. ఊళ్లో ఎవరన్నా ఏదన్నా అంటే నాలాగే కూశారనుకో. నేనే తప్పని సెప్పు."

అతను రేకుపెట్టె దించి, దానిమీదే కూర్చుండిపోయాడు. భార్యతో అన్నాడు: "సచ్చిపోయేదానివా?"

ఆమె అవునన్నట్టు తలూపింది. అతను లుంగీ చెంగుతో మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇంకేం అడగలేదు. నేను గది బయటికొచ్చేశాను.

ఆ తర్వాత ఇనుము మందూ, రక్తం ఆపే మందూ ఇచ్చి పంపించాం. ముట్లుడిగే వయసొచ్చాక ఆ గడ్డలు వాటంతటవే ముడుచుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద నర్సమ్మ మాత్రం ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ రేవులో దిగేవాళ్ల గురించి వరండాలోంచి చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే "బల్లెక్కాక చెబుతాను" అనేది. నేను మాత్రం డాక్టరమ్మ దగ్గర ఎన్నో నేర్చుకున్నాను గాని, "నాకు తెలియదు" అని అత్త కళ్లలోకి చూసి చెప్పిన పద్ధతి ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. తెలియనప్పుడు నేను గొణిగేదాన్ని.

ఏడెనిమిదేళ్ల తర్వాత ఒకసారి పాలకొల్లు సంతకెళ్లాను. చేపల వరసలో ఒక గొంతు వినిపించి ఆగాను. ఆమే. మొహం నిండింది, పెదవులకి రంగొచ్చింది. గంప వెనకాల కూర్చుని చందువలు పేరుస్తోంది. కడుపు ఇంకా కొంచెం ఎత్తుగానే ఉంది. నన్ను చూడలేదు. బేరం చేస్తున్న ఒక పట్నపావిడ, చేపకేసి చూడటం మానేసి ఆమె నడుంకేసి చూసి, "ఎన్నో నెలమ్మా?" అంది.



ఆమె చెయ్యి ఆగలేదు. చందువని తిరగేసి మొప్ప ఎత్తి చూపించింది.

"నెలల్లేవమ్మా, గడ్డలు. రెండున్నాయి. ఆసుపత్రిలో సూసి సెప్పారు," అంది, సంతంతా వినేంత గట్టిగా. "నా సంగతికేం గాని, సేప సూడు. పొద్దున్న పట్టింది. నమ్మకపోతే ముట్టుకో."